డ్రాగన్ ముందుకాళ్ళ ఉద్యోగం

మా నల్లమెరక పట్టణంలో ఏ జంతువు బొమ్మ నిలబెట్టాలన్నా పశువైద్యుడి సర్టిఫికెట్ ఉండాలి. ఇలాంటి నిబంధన ఇంకో ఊళ్ళో ఉందేమో నాకు తెలియదు. మా ఊళ్ళో ఉండటానికి కారణం మాత్రం ఒక సింహం.

నాలుగు రోడ్ల కూడలిలో ఆ సింహం బొమ్మను ఒక పెద్దమనిషి చేత ఆవిష్కరింపజేశారు. తెర తీసేసరికి లోపల కుక్క ఉంది. కుక్కల్లో కూడా చెప్పుకోదగ్గ జాతి కాదు. జూలు ఉండవలసిన చోట మఫ్లర్ చుట్టుకున్నట్టుంది. సభ జరుగుతుండగానే ఒక వీధికుక్క మెట్లెక్కి వచ్చి, బొమ్మను వాసన చూసి, బాగా తెలిసినవాళ్ళను పలకరించినట్టు తోక ఊపింది. ఆ వీడియో రాష్ట్రమంతా చూసి నవ్వింది. మర్నాడే పురపాలక సంఘం అత్యవసరంగా సమావేశమై, ‘ఇకమీదట పట్టణ పరిధిలో ప్రతిష్ఠింపబడు సమస్త జంతు ప్రతిమలు సదరు జంతువుల శరీర నిర్మాణమునకు అనుగుణముగా ఉన్నవని అధీకృత పశువైద్యాధికారి ధ్రువీకరించవలెను’ అని తీర్మానించింది. అందుకోసం యథార్థతా సంఘం అని ఒకటి ఏర్పాటైంది. కమిషనర్ దివాకరం గారు అధ్యక్షులు. అధీకృత పశువైద్యాధికారిని నేను.

నిజం చెప్పొద్దూ, నాకు సంతోషమే వేసింది. మనుషుల కనురెప్పలు పెట్టిన ఆవుల్నీ, మోకాళ్ళు వెనక్కి మడతపడే గుర్రాల్నీ రోడ్ల మీద చూసి చూసి నాకు ఒళ్ళు మండిపోయి ఉంది. వాటి పని పట్టవచ్చు కదా అని పెన్ను జేబులో పెట్టుకుని సిద్ధంగా కూర్చున్నాను. మొదటి ఫైలు వచ్చింది. పిల్లల పార్కు కోసం తయారైన డ్రాగన్.

డ్రాగన్‌ను చేసింది కొమ్మోజు విశాలాక్షి. రైల్వే గేటు అవతల ఆవిడకు ఫైబర్ బొమ్మల షెడ్డు ఉంది. నేను వెళ్ళేసరికి డ్రాగన్ షెడ్డులో పట్టక, తల వాకిట్లోకి పెట్టి నిలబడి ఉంది. ఆకుపచ్చ ఒళ్ళు, పసుపు పొట్ట, నాలుగు కాళ్ళు, వీపు మీద రెండు పెద్ద రెక్కలు.

“రండి డాక్టరుగారూ, జాగర్తండి, తోక మీద పెయింటు ఇంకా ఆరలేదు” అంది విశాలాక్షి.

నేను కుర్చీ లాక్కుని ఫారం తీశాను. మా శాఖలో ఉన్నది ఒక్కటే ఫారం, అది గేదెల కోసం వేసింది. డ్రాగన్ల కోసం వేరే అచ్చు వేయించమని రాస్తే, ‘ఉన్న ఫారంలోనే సర్దుకోగలరు’ అని జవాబు వచ్చింది.

“పశువు యజమాని?”

“మున్సిపాలిటీ అండి.”

“ఎన్నో ఈత?”

ఆవిడ నా మొహం వంక చూసింది. “ఇంకా ఈనలేదండి” అంది మర్యాదగా.

“పాల దిగుబడి?”

“పాలివ్వదండి. నిప్పులు కక్కుతుంది. అంటే, నోట్లో ఎర్ర బల్బు పెట్టానండి.”

“గాలికుంటు టీకా వేయించారా?”

“కాలి గిట్టలే లేవు కదండీ, గోళ్ళు కదా” అంది. ఆ మాటతో నాకు ఆవిడ మీద గౌరవం పుట్టింది. గిట్టలు చీలిన జంతువులకే గాలికుంటు వస్తుందని మా కింద పనిచేసే వాళ్ళలో సగం మందికి చెప్పాలి.

బొమ్మ చుట్టూ తిరిగాను. తిరిగేకొద్దీ నా నోరు తెరుచుకుంది. కాళ్ళు ఉడుము కాళ్ళు, పొట్టను నేల మీద ఆనించకుండా మోసేవి. మెడ కింద చర్మం తొండకు ఉన్నట్టే ముడతలు పడి ఉంది. రెక్కలు అట్టముక్కలు అతికించినట్టు లేవు. భుజం, మోచెయ్యి, మణికట్టు, సాగిన వేళ్ళు, వేళ్ళ మధ్య పొర, అన్నీ ఉన్నాయి. గబ్బిలం రెక్క. అది మొలిచిన చోట, ముందుకాళ్ళ భుజాల వెనక, ఇంకో జత భుజం ఎముకలు ఉబ్బెత్తుగా కనిపిస్తున్నాయి. రెక్కలు ఆడించాలంటే కండ ఎక్కడో ఒకచోట పట్టుకోవాలి కదా అని ఛాతీ ఎముకను పడవ అడుగులా ముందుకు పొడుచుకొచ్చేట్టు చేసింది. నేను చదువుకున్న చదువంతా ఆ బొమ్మ మీద చెయ్యి వేసి చూడగానే గుర్తుకొచ్చింది.

“ఇదంతా ఎక్కడ చూశారమ్మా?”

“మూసేసిన రైసుమిల్లులో గబ్బిలాలుంటాయండి. రోజూ సాయంత్రం పోయి కూచునేదాన్ని. ఉడుముని మా పెరట్లోనే చూశానండి.” గొంతు తగ్గించి అంది: “ఇన్నేళ్ళూ నేను చేసిందల్లా చెత్తడబ్బాలేనండి. నోరు తెరుచుకున్న పెంగ్విన్లు, నోరు తెరుచుకున్న కప్పలు. అందరూ కంపెనీ ఫొటో పట్టుకొచ్చి ఇలాగే చెయ్యమంటారు. ఇదొక్కటే నా అంతట నేను ఆలోచించి చేసుకున్నది. కాలూ చెయ్యీ తీసెయ్యమని ఎవరూ అనరు కదండీ?”

“ఎందుకంటారమ్మా?” అన్నాను. కమిటీలతో నాకు అప్పటికి అంత అనుభవం లేదు.

యథార్థతా సంఘం సమావేశం మొదలవగానే, డ్రాగన్ ఏ విభాగం కిందికి వస్తుందన్న ప్రశ్న లేచింది. రెక్కలున్నాయి కనుక కోళ్ళ విభాగం అని పశువుల విభాగం వాళ్ళూ, నాలుగు కాళ్ళున్నాయి కనుక పశువుల విభాగం అని కోళ్ళ విభాగం వాళ్ళూ వాదించారు. ఒళ్ళంతా పొలుసులు ఉన్నాయని ఎవరో అనేసరికి ఇద్దరూ రాజీపడి ఫైలు మత్స్యశాఖ వైపు తోశారు. మత్స్యశాఖాయన, “అది నిప్పులు కక్కుతుందటండి, మాకేం సంబంధం, అగ్నిమాపక శాఖను అడగండి” అని టీ తాగి వెళ్ళిపోయాడు.

అప్పుడు జంతుశాస్త్రంలో రిటైరైన ప్రొఫెసర్ ఉమాకాంతం గారు గొంతు సవరించుకున్నారు. ఆయన్ని సంఘంలోకి నిపుణుడిగా తీసుకున్నారు. “అధ్యక్షా, అసలు సమస్య వేరు. దీనికి అవయవాలు ఆరు. నాలుగు కాళ్ళు, రెండు రెక్కలు ఉంటే డ్రాగన్ అంటారు. రెండు కాళ్ళు, రెండు రెక్కలు ఉంటే వైవర్న్ అంటారు. ఈ రెండిటినీ కలిపేసే చిత్రకారుల్ని తెలిసినవాళ్ళు క్షమించరు.”

“రెండూ లోకంలో లేవు కదండీ?” అన్నారు కమిషనర్.

“లేవు.”

“లేనివాటిలో ఏది కొంచెం ఎక్కువ ఉన్నట్టు?”

“వైవర్న్” అన్నారు ప్రొఫెసర్ తడుముకోకుండా. “వెన్నెముక ఉన్న జీవికి ప్రకృతి ఇచ్చింది నాలుగు అవయవాలే. పక్షి రెక్క అంటే దాని ముందుకాలే. గబ్బిలం రెక్క అంటే దాని చెయ్యే. కాళ్ళకు కాళ్ళు, రెక్కలకు రెక్కలు కావాలంటే కుదరదు.”

కమిషనర్ గారికి ఇది వెంటనే ఎక్కలేదు. భోజనాలు వచ్చాక ఎక్కింది. ప్రొఫెసర్ గారు తన ప్లేటులోని బిర్యానీ పక్కకు జరిపి, కమిటీ సభ్యుల ప్లేట్లలోంచి ముక్కలు సేకరించి, బల్ల మీద ఒక కోడిని తిరిగి కూర్చారు. లెగ్ పీసులు రెండు, వింగ్స్ రెండు. ఇంకేమైనా మిగిలాయా అని అందరూ ప్లేట్లు కెలుక్కున్నారు. ఏమీ మిగల్లేదు.

“నాలుగే!” అన్నారు కమిషనర్ ఆశ్చర్యంగా. ఆయన ఇన్నేళ్ళలో ఎన్ని కోళ్ళు తిన్నారో గానీ, కాళ్ళూ రెక్కలూ ఎప్పుడూ లెక్కపెట్టుకోలేదు.

“మరి పాముకి ఒక్కటీ లేదు కదండీ?” అని నేను అడిగాను. డ్రాగన్‌కు ఎలాగైనా దారి దొరుకుతుందేమోనని నా ఆశ.

దానికి జవాబు మున్సిపల్ ఆఫీసు సూపరింటెండెంట్ భీమేశ్వరం గారు ఇచ్చారు. ఆయన మినిట్స్ రాసుకుంటూ తల ఎత్తకుండానే, “పాముకి నాలుగూ మంజూరయ్యాయండి. ఖాళీగా ఉన్నాయి, భర్తీ చెయ్యలేదు. ఖాళీగా ఉండొచ్చు. మంజూరుకు మించి ఉండకూడదు” అన్నారు.

శాస్త్రం మొత్తం అంత సుబోధకంగా ఎవరూ చెప్పగా నేను వినలేదు. ‘సదరు డ్రాగన్ మంజూరైన సంఖ్యకు మించి రెండు అవయవాలు కలిగియున్నందున, పదిహేను దినములలోగా ఏవేని రెండింటిని తొలగించి నివేదించవలెను’ అని మెమో తయారైంది. దాన్ని నా చేతికిచ్చి పంపారు.

విశాలాక్షి మెమో చదివి, మడిచి, డ్రాగన్ వీపు మీద పెట్టింది.

“రెక్కలు తీసేస్తే ఏమవుద్దండి?”

“ఉడుము అవుతుంది. ఉడుము బొమ్మ పెట్టాలంటే అటవీశాఖ అనుమతి కావాలట. రక్షిత జంతువు.”

“ముందుకాళ్ళు తీసేస్తే?”

“వైవర్న్ అవుతుంది. టెండర్‌లో డ్రాగన్ అని ఉంది కనుక ఆ మాట మారుస్తామన్నారు.”

“మాట మారిస్తే బరువు మారుద్దాండి? తలా మెడా ముందుకున్నాయి. ముందుకాళ్ళు తీస్తే మెడ దగ్గర విరిగి బోర్లా పడుద్ది. వైవర్న్ చెయ్యమంటే అప్పుడే చేద్దును, వెనక్కాళ్ళు నడుం మధ్యకి తెచ్చి, తోక బరువు పెంచి. ఇది డ్రాగనండి. డ్రాగనుగా పుట్టింది.” ఆవిడ డ్రాగన్ మెడ మీద చెయ్యి వేసింది. “నరకమంటే నరకనండి. పార్కులో పెడితే నిండుగా పెట్టమనండి. లేదంటే నేనే సుత్తితో పగలగొట్టుకుంటాను. పెంగ్విన్లు చేసుకుంటాను.”

నాకు చాలా కష్టం వేసింది. అంతకంటే ఎక్కువ కోపం వేసింది. సింహాన్ని కుక్కగా చేసినవాడికి బిల్లు పాసైంది. భుజం ఎముక ఎక్కడుండాలో తెలిసిన మనిషిని పట్టుకుని కాళ్ళు నరకమంటున్నారు. ఆ వేడి మీదే నేరుగా భీమేశ్వరం గారి దగ్గరికి వెళ్ళాను.

ఆయన నా మాటలన్నీ ఓపిగ్గా విన్నారు. కిటికీ బయట పారిశుధ్యం పనివాళ్ళు ఆఫీసు ఆవరణ ఊడుస్తున్నారు. వాళ్ళ మేస్త్రి నూకరత్నం కొబ్బరి చీపురు నేలకేసి కొట్టి సరిచేసుకుంటోంది. భీమేశ్వరం గారు కాసేపు ఆ వైపే చూసి, హఠాత్తుగా అడిగారు.

“డాక్టరుగారూ, ఈ పట్టణాన్ని ఊడవటానికి మాకు మంజూరైన పోస్టులు ఎన్నో తెలుసా? ఈ ఆవరణకే సరిపోవు. మరి ఊరెలా శుభ్రంగా ఉంటోంది?”

“ఎలా?”

“కాంట్రాక్టు మీదండి. మంజూరులో లేరు, పనిలో ఉన్నారు. నూకరత్నం జుట్టు నల్లగా ఉన్నప్పుడు చేరింది. ఏటా మార్చి నెలాఖరున ఒక్క రోజు ఆపేసి మళ్ళీ తీసుకుంటాం. లేకపోతే వరుసగా పనిచేశాం, పర్మినెంట్ చెయ్యండి అంటారు.” పెన్ను మూత పెట్టారు. “రెక్కలు పర్మినెంట్. వెనక్కాళ్ళు పర్మినెంట్. నాలుగూ సరిపోయాయి. ముందుకాళ్ళని కాంట్రాక్టు మీద తీసుకుందాం.”

ఆయనకు దణ్ణం పెట్టాలనిపించింది. జీవపరిణామం కోట్ల ఏళ్ళుగా తేల్చలేని చిక్కును ఆయన కుర్చీలోంచి లేవకుండా విప్పేశారు.

రెండో సమావేశంలో ఈ ప్రతిపాదన ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. ప్రొఫెసర్ ఉమాకాంతం గారు కూడా, కాంట్రాక్టు అవయవాలను శరీరంలో భాగంగా లెక్కించరు కనుక శాస్త్రానికి భంగం లేదని ఒప్పుకున్నారు. ఆ మీదట షరతులు రాశారు. ముందుకాళ్ళు శరీరంతో కలిసిపోకూడదు, బోల్టులతో మాత్రమే ఉండాలి. శాశ్వత అవయవాలతో సమానంగా కనిపించకూడదు కనుక రంగు ఒక ఛాయ తక్కువ ఉండాలి. ఒక్కో కాలికి గుర్తింపు కార్డు వేలాడదీయాలి. ఎంతకాలం మోసినా శరీరం మీద ఎటువంటి హక్కూ కోరరాదు. ఏటా మార్చి ముప్పై ఒకటిన ఒక రోజు విరామం ఇవ్వాలి.

“ఒక్క రోజే కదండీ?” అంది విశాలాక్షి. “ఆ రోజు కింద వాసాలు ఊతం పెట్టి నిలబెడతాను. మిగతా ఏడాదంతా నిండుగా ఉంటుంది. సరేనండి.” ఆవిడ నవ్వటం ఆ రోజే చూశాను.

పార్కు తెరిచారు. పిల్లలు గేటు దగ్గరే చెప్పులు వదిలేసి డ్రాగన్ మీదికి పరిగెత్తారు. రంగు ఛాయ తక్కువని గానీ, కార్డులు వేలాడుతున్నాయని గానీ ఒక్కరూ పట్టించుకోలేదు. ముందుకాళ్ళు పట్టుకుని పైకెక్కి, మెడ మీంచి జారి, మళ్ళీ ముందుకాళ్ళ దగ్గరికే వచ్చేవారు. ఒక బుడ్డోడు కాలి గోరును రెండు చేతులా వాటేసుకుని ఇంటికి రానని ఏడుస్తుంటే వాళ్ళమ్మ బతిమాలుకుంటోంది. విశాలాక్షి బెంచీ మీద కూచుని అదంతా చూస్తూ బఠాణీలు తింది. నాకైతే ఉద్యోగంలో చేరాక అంత హాయిగా గడిచిన సాయంత్రం ఇంకోటి లేదు.

మార్చి దగ్గర పడింది. విరామ దినాన వాసాలు ఊతం పెట్టడానికి అనుమతి కోరుతూ విశాలాక్షి రాసిన కాగితం ఇంజనీరింగ్ విభాగానికి వెళ్ళింది. పార్కులో వాసం నిలబెట్టడమంటే నిర్మాణం కిందికి వస్తుందనీ, అంచనాలు వేసి, టెండరు పిలిచి, వచ్చే ఏడాదికి చూస్తామనీ వాళ్ళు రాశారు. మరి ఆ ఒక్క రోజు బరువు ఎవరు మోయాలని నేను నోట్ పెట్టాను. దానికి కమిషనర్ గారి సంతకంతో ఉత్తర్వు వచ్చింది. ‘విరామ దినమున ముందుకాళ్ళ విధులకు సంబంధించి రెక్కలకు పూర్తి అదనపు బాధ్యతలు అప్పగించడమైనది.’

రెక్కలు వీపు మీద ఉంటాయి, నేలను తాకవు, కనుక మోయలేవు అని మళ్ళీ రాశాను. ‘శాశ్వత అవయవముల సామర్థ్యమును ముందుగానే శంకించుట తగదు’ అని తిరిగొచ్చింది.

ముప్పై ఒకటో తేదీ ఉదయం పార్కుకు వెళ్ళేసరికి విశాలాక్షి పానా పట్టుకుని ముందుకాళ్ళ దగ్గర కూచుని ఉంది. పక్కన అసిస్టెంట్ ఇంజనీరు గడియారం చూసుకుంటున్నాడు. పచ్చిక మీద మాత్రం పండగలా ఉంది. పారిశుధ్యం వాళ్ళకూ అదే విరామ దినం కావటంతో నూకరత్నం తన జట్టునంతా పులిహోర డబ్బాలతో పార్కుకు తీసుకొచ్చింది. ఏడాదికి ఆ ఒక్క రోజే వాళ్ళు తాము ఊడ్చే పార్కులో కూర్చోగలిగేది.

“ఏటమ్మా, దానికీ ఇయ్యాలేనా?” అంది నూకరత్నం.

“దానిక్కూడా ఇవాళేనమ్మా” అంది విశాలాక్షి.

మొదటి బోల్టు ఊడింది. రెండోది సగం తిరిగేసరికి మెడ దగ్గర సన్నగా కిర్రుమంది. విశాలాక్షి చెయ్యి ఆగిపోయింది. అంతలో నూకరత్నం పులిహోర చెయ్యి చీరకు తుడుచుకుంటూ లేచి వచ్చి, డ్రాగన్ ఛాతీ కింద వంగి భుజం ఆనించింది. “రండే, చూత్తారేటి!” అంది. ఆడా మగా అంతా వచ్చి, పొట్ట కిందా మెడ కిందా భుజాలు పెట్టారు.

“పార్కు పనుల్లో సిబ్బంది జోక్యం చేసుకోకూడదు” అన్నాడు ఇంజనీరు.

“ఇయ్యాల మేం సిబ్బంది కాదండి. పర్మిసన్ ఎవుర్నడగాలో మీరే సెప్పండి.”

ఆయన దగ్గర దానికి నియమం లేదు. ముందుకాళ్ళు ఊడదీసి పచ్చిక మీద పడుకోబెట్టారు. డ్రాగన్ మనుషుల భుజాల మీద నిలబడింది. వాళ్ళు వంతులు మార్చుకుంటూ, మోస్తున్నవాళ్ళ నోట్లో పులిహోర పెడుతూ, కబుర్లు చెప్పుకుంటూ ఉన్నారు. పిల్లలు వచ్చి, డ్రాగన్‌కు ఇన్ని కాళ్ళు వచ్చాయేంటని మురిసిపోయారు. ప్రొఫెసర్ గారు ఆ దృశ్యం చూస్తే ఏమయ్యేవారో.

పదకొండు దాటాక కమిషనర్ గారు భీమేశ్వరం గారినీ, ఫొటోగ్రాఫర్నీ వెంటబెట్టుకుని తనిఖీకి వచ్చారు. డ్రాగన్‌ను ముందు నుంచీ వెనక నుంచీ పరిశీలించారు. పూర్తి భద్రత ఉందని ప్రజలకు తెలియాలని ఛాతీ కిందికి వచ్చి, నూకరత్నం పక్కనే నిలబడి ఫొటో తీయించుకున్నారు. అక్కడి నుంచే చెప్పటం మొదలుపెట్టారు.

“భీమేశ్వరం, రాసుకో. విరామ దినమున డ్రాగన్ ఎటువంటి ఆధారమూ లేకుండా స్థిరముగా నిలబడియున్నది. రెక్కలు అదనపు బాధ్యతలను సమర్థముగా నిర్వహించినవి. కావున ముందుకాళ్ళు అనవసరమని రుజువైనందున వాటి కాంట్రాక్టును పొడిగించనవసరము లేదు.”

“ఆధారం లేకుండా ఏంటండీ?” అని అరిచాను. “ఇంతమంది మోస్తున్నారు కదా!”

“వీళ్ళెవరు డాక్టరుగారూ?” అన్నారు కమిషనర్ ప్రశాంతంగా.

“పారిశుధ్యం వాళ్ళు.”

“ఇవాళ వీళ్ళు రోల్స్‌లో లేరు. లేనివాళ్ళు మోస్తున్నారని ఎలా రాస్తాం? రేపు ఆడిట్ వాళ్ళకు ఏం చెప్తాం?”

నూకరత్నం భుజం తియ్యకుండానే తల తిప్పింది. “అంటే, మేం ఇక్కడ లేమాండీ?”

“రికార్డు ప్రకారం లేరమ్మా.”

“అలాగాండీ. లేనోళ్ళం ఎల్లిపోతే మీకేం నట్టం లేదు కదండీ” అంది. “ఒసే, రండే. మనం లేమంటన్నారు.”

తోక వైపు నుంచి ఇద్దరు పక్కకు తప్పుకున్నారు. మెడ కింది నుంచి ఇంకో ఇద్దరు. డ్రాగన్ నిట్టూర్చినట్టు ముందుకు ఒరిగింది. ఫొటోగ్రాఫర్ కెమెరాతో సహా పచ్చిక అవతలికి గెంతాడు. కమిషనర్ గారు గెంతలేకపోయారు. ఛాతీ ఎముక ఆయన భుజం మీద దిగింది, పడవ అడుగులా పొడుచుకొచ్చిన భాగమే. ఆయన రెండు చేతులూ పైకెత్తి దాన్ని పట్టుకున్నారు. ఇన్నేళ్ళ సర్వీసులో ఆయన దేన్నైనా స్వయంగా మోయటం అదే మొదలనుకుంటాను.

“వదలొద్దు! ఎవరూ కదలొద్దు!” అన్నారు.

“మేం లేమండీ” అంది నూకరత్నం ఒక చేత్తో మాత్రం పట్టుకుని.

“ఉన్నారమ్మా, ఉన్నారు! భీమేశ్వరం, రాసింది కొట్టెయ్! మొత్తం కొట్టెయ్! కాళ్ళు! కాళ్ళు తెండి!”

“కాంట్రాక్టు ఇవాళ లేదండి” అన్నారు భీమేశ్వరం గారు పెన్ను ఎత్తి. “రేపటి నుంచే.”

“పర్మినెంట్ చేసెయ్యవయ్యా! ఇప్పుడే! ఈ క్షణం నుంచే!”

నూకరత్నం ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది. “ఎవుర్నండీ? మమ్మల్నాండీ, కాళ్ళనాండీ?”

“కాళ్ళనమ్మా! కాళ్ళని!”

నూకరత్నం ఆయన్ని చూసింది, డ్రాగన్ మెడను చూసింది, పానా పట్టుకుని నిలబడ్డ విశాలాక్షిని చూసింది. ఆ తర్వాత ఏమనుకుందో, గట్టిగా ఊపిరి పీల్చి భుజం మళ్ళీ ఆనించింది. ఆవిడను చూసి మిగతావాళ్ళూ వచ్చారు. భీమేశ్వరం గారు నా వీపు మీద కాగితం పెట్టి ఉత్తర్వు రాశారు. కమిషనర్ గారు ఒక చెయ్యి మాత్రం కిందికి దించి సంతకం పెట్టారు. ముందుకాళ్ళు తిరిగి తమ చోట నిలబడ్డాయి. ఈసారి విశాలాక్షి బోల్టుల మీద ఫైబర్ గుడ్డ వేసి, జిగురు పట్టించి, అతుకు ఎక్కడుందో ఎవరికీ దొరక్కుండా చేసింది. మెడకు దెబ్బ తగల్లేదని నేను తడిమి చూసి, ‘ఆరు అవయవములు. ఆరోగ్యము బాగున్నది’ అని గేదెల ఫారం మీదే రాసి సంతకం చేశాను. నాకు పట్టరాని ఆనందం వేసింది.

కమిషనర్ గారు కారెక్కి వెళ్ళిపోయాక, నూకరత్నం తన జట్టుతో పచ్చిక మీద కూలబడి భుజం నొక్కుకుంది. ఆ ముందుకాళ్ళ వైపు చూసింది.

“వచ్చి ఏడాది నిండలేదు, పర్మినెంటు కొట్టేసినియ్యి” అని పకపకా నవ్వింది. నవ్వుతూనే విశాలాక్షి వైపు తిరిగింది. “అమ్మా, నీకు పున్నెం ఉంటాది. మమ్మల్ని కూడా ఆ బొమ్మకి ఏదోచోట అతికించెయ్యమ్మా. అయిపోతాం.”

అందరూ నవ్వారు. విశాలాక్షి మాత్రం నవ్వలేదు. డ్రాగన్ ఛాతీ కింద ఖాళీని ఒకసారి చూసి, లేచి వచ్చి నూకరత్నం పక్కన మోకాళ్ళ మీద కూచుని, జానలతో ఆవిడ భుజం కొలవటం మొదలుపెట్టింది.